తొట్టిలో సముద్రాన్ని నిలిపిన ఫిలిప్ హెన్రీ గాస్

మన జువాలజీ లేబొరేటరీ అలమారలో, ఫార్మలిన్ సీసాలో, ఒక సీ అనిమోన్ ఉంది. రంగు వెలిసి, ముడుచుకుపోయి, ఎండిన వంకాయ ముచికలా ఉంటుంది. దాన్ని చూసి బొమ్మ గీసి, స్పర్శకాలు, నోరు, పాదచక్రం అని గీతలు లాగి పేర్లు రాసి, మార్కులు తెచ్చుకున్నవాళ్ళం మనమందరం. కాని అదే జీవి సముద్రంలో పువ్వులా విచ్చుకుంటుందనీ, దాన్ని ఊళ్ళోకి తెచ్చి అద్దాల తొట్టిలో ఏళ్ళ తరబడి బతికించవచ్చనీ లోకానికి నేర్పిన మనిషి పేరు నేను చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ కనబడలేదు. ఆయన ఫిలిప్ హెన్రీ గాస్. అందుకే ఈ సంచికలో ఆయన గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

గాస్ 1810 ఏప్రిల్ 6న ఇంగ్లండులోని వూస్టర్‌లో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరిగి చిన్న చిన్న రూపచిత్రాలు గీసి పొట్టపోసుకునే చిత్రకారుడు. పిల్లవాడు పెరిగింది మాత్రం పూల్ అనే రేవు పట్నంలో. అక్కడ ఆయన మేనత్త బెల్ అనే ఆవిడ ఉండేది. పురుగులు రూపం మార్చుకోవడం, రాళ్ళకు అంటుకున్న అనిమోన్ల పేర్లు, వాటిని సముద్రపు నీళ్ళలో ఉంచి చూడడం ఆవిడే నేర్పింది. యూనివర్సిటీ చదువు లేని గాస్‌కు మొదటి ప్రొఫెసరు ఆ మేనత్తే అని నా లెక్క.

పదిహేనో ఏట లెక్కల గుమాస్తాగా చేరాడు. 1827లో ఓడెక్కి న్యూఫౌండ్‌లాండ్ వెళ్ళి అక్కడా ఎనిమిదేళ్ళు గుమాస్తాగిరీయే చేశాడు. 1832లో మైక్రోస్కోపు మీద ఒక పాత పుస్తకం కొన్నాక పురుగుల పిచ్చి ముదిరింది. 1835లో స్నేహితులతో కలిసి కెనడాలోని కాంప్టన్‌లో భూమి కొని వ్యవసాయానికి దిగాడు. రైతుబిడ్డను కాబట్టి ఈ ఘట్టం దగ్గర నేను కాస్త ఆగక తప్పదు. భూమి కొన్నంత మాత్రాన రైతు అవడు. చేలో దిగిన మనిషి చేను చూడాలి గాని సీతాకోకచిలుకల్ని చూస్తూ కూర్చుంటే పంట ఎవరు చూస్తారు? మా నాన్న అయితే మూడు రోజుల్లో తేల్చేసేవాడు, వీడు సేద్యానికి పనికిరాడని. గాస్‌కు అది తేలడానికి మూడేళ్ళు పట్టింది. 1838లో పొలం వదిలేశాడు. కాని ఆ మూడేళ్ళలో చూసిన చెట్టూ చేమా, పురుగూ పుట్రా ఆయన మొదటి పుస్తకమయ్యాయి. తండ్రీకొడుకుల సంభాషణగా రాసిన ఆ కెనడియన్ నేచురలిస్ట్ 1840లో అచ్చయింది. ప్రచురణకర్త ఒప్పుకున్నాడని తెలిసి, అప్పటికి లండన్‌లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఉన్న మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడట. పండని పొలం పుస్తకమై పండింది.

మధ్యలో అలబామాలో కొన్నాళ్ళు బడిపంతులుగా ఉండి, అక్కడి బానిసత్వాన్ని చూసి రోసి వెనక్కి వచ్చాడు. 1844 నుంచి 1846 దాకా జమైకాలో పక్షుల్ని సేకరించాడు. 1848లో ఎమిలీ బోస్‌ను పెళ్ళాడాడు. 1849లో కొడుకు ఎడ్మండ్ పుట్టినరోజున డైరీలో కొడుకు పుట్టిన సంగతీ, జమైకా నుంచి ఒక స్వాలో పక్షి అందిన సంగతీ పక్కపక్కనే రాసుకున్నాడంటే మనిషి ఎలాంటివాడో ఊహించుకోండి.

అసలు కథ 1852లో మొదలవుతుంది. పని ఎక్కువై ఆరోగ్యం చెడి, గాలి మార్పు కోసం కుటుంబంతో డెవన్ తీరానికి వెళ్ళాడు. పోటు తగ్గిన వేళ నడుంలోతు నీళ్ళలో దిగి, సుత్తీ ఉలీ పట్టుకుని అనిమోన్లను రాతిముక్కతో సహా చెక్కి తెచ్చేవాడు. ఎందుకంటే ఆ జీవికి ప్రాణమంతా అడుగుభాగంలోనే ఉన్నట్టు. రాతిని పట్టుకున్న పాదం చిరిగితే, ఆ చిరుగు దగ్గరే కుళ్ళు మొదలవుతుంది. ఒకటి కుళ్ళితే తొట్టిలో నీళ్ళన్నీ పాడై మిగతావి కూడా పోతాయి. దూరం పంపాలంటే నీళ్ళలో కాదు, తడి నాచులో చుట్టి డబ్బాలో పెట్టి పంపితే బాగుంటుందని కనిపెట్టాడు.

కొత్త తొట్టిలో దించాక ఏం చెయ్యాలి? దాదాపు ఏమీ చెయ్యకూడదు! అది ముందు ముడుచుకుని ముద్దలా పడి ఉంటుంది. వేలితో కదిలించి చూడాలనిపిస్తుంది, మెతుకు పెట్టాలనిపిస్తుంది. రెండూ తప్పే. దానికి నచ్చిన చోటు అది వెతుక్కుంటుంది. పాదం మీదే, కంటికి తెలియనంత నెమ్మదిగా జరిగి, ఒక రాతి సందు చూసుకుని అంటుకుంటుంది. అంటుకున్నాక విచ్చుకుంటుంది. అప్పుడే ఆల్చిప్ప మాంసం ముక్కో, పచ్చి మాంసం ముక్కో చిన్నది అందించాలి. వరి నాట్లు వేసిన మనకు ఇది కొత్త కాదు. పీకిన నారు నాటగానే వాలిపోతుంది. వేరు తన్ని మూన తిరిగేదాకా ఎరువు వెయ్యం, నీళ్ళు పలచగా పెడతాం, చేలో దిగి తొక్కం. అనిమోన్ కూడా మూన తిరగాలి.

ఈనాటి శాస్త్రం దీనికి కొన్ని చేర్పులు చేసింది. తొట్టి కొత్తదైతే అసలు అనిమోన్‌ను తేకూడదు. జీవుల వ్యర్థం నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా స్థిరపడడానికి వారాలు పడుతుంది. అలాంటి తొట్టి నెలల తరబడి నిలకడగా ఉన్నాకే దీన్ని దించాలి. దించేముందు తెచ్చిన నీళ్ళలో తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా కలుపుతూ, ఉప్పదనం, వేడిమి రెంటినీ సమం చెయ్యాలి. నీటి పంపు నోటికి జల్లెడ కట్టకపోతే, చోటు వెతుక్కుంటూ పోయే అనిమోన్ అందులో పడి ముక్కలవుతుంది. కొన్ని జాతుల ఒంట్లో శైవలాలు కాపురముంటాయి, అవి వెలుతురుతో ఆహారం చేసి ఇస్తాయి, కాబట్టి వాటికి మంచి వెలుగు కావాలి. గాస్ తన పుస్తకాలు రాసేనాటికి ఈ సంగతి ఎవరికీ తెలియదు. మొక్కలు వెలుతురులో వదిలే ప్రాణవాయువు జంతువులకు సరిపోయేటట్టు రెంటినీ తూకం వెయ్యడమే అప్పటి కిటుకు. 1850లో వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మంచినీళ్ళ తొట్టిలో దాన్ని చూపించాడు. తర్వాత ఆయనా గాసూ ఎవరికివారు ఉప్పునీళ్ళలో సాధించారు.

సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళ మాటేమిటి? 1854లో గాస్ మామూలు ఉప్పు, ఎప్సమ్ ఉప్పు, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు కలిపి కృత్రిమ సముద్రజలం తయారుచేశాడు. సున్నం మామూలు నీళ్ళలోనే ఉంటుంది కదా అని వెయ్యలేదు. ముందు అందులో పచ్చనాచు వేసి, నీళ్ళు కుదుటపడ్డాకే జంతువుల్ని దించాడు. ఇక్కడా తొందర లేదు చూడండి.

1853 మేలో లండన్ జంతు ప్రదర్శనశాలలో తెరిచిన చేపల ఇంటికి గాస్ బోలెడు జీవుల్ని సేకరించి ఇచ్చాడు. మరుసటి ఏడాది ఆయన పుస్తకం ది అక్వేరియం వెలువడింది. ఆ మాటను జనం నోట నిలిపింది ఆయనే. పూర్వం లాటిన్‌లో ఆ మాటకు పశువులు నీళ్ళు తాగే చోటు అని అర్థమట! మా ఇంటి ముందున్న కుడితితొట్టికి ఇంత ఘనమైన చుట్టరికం ఉందని తెలిసి నాకు నవ్వొచ్చింది. 1845లో గాజు మీద పన్ను ఎత్తేయడంతో అద్దాలు చవకయ్యాయి, రైళ్ళు జనాన్ని సముద్రతీరాలకు మోశాయి. ఇంటింటా తొట్లు వెలిశాయి.

1856లో రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా తీసుకుంది. 1857 ఫిబ్రవరిలో ఎమిలీ రొమ్ము కాన్సర్‌తో చనిపోయింది. అదే ఏడాది వచ్చిన ఓంఫలోస్‌లో, దేవుడు భూమిని శిలాజాలతో సహా, వయసు మళ్ళినదానిలాగానే సృష్టించాడని వాదించాడు. శాస్త్రజ్ఞులూ ఒప్పుకోలేదు, భక్తులూ ఒప్పుకోలేదు. డార్విన్ పుస్తకానికి అది రెండేళ్ళ ముందు. కంటితో చూసినదాన్ని ఇంత నిజాయితీగా రాసే మనిషి, నమ్మకం దగ్గరికి వచ్చేసరికి ఇలా ఎందుకు చేశాడో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా ఆ దుఃఖంలోనే డెవన్‌లోని సెయింట్ మేరీచర్చ్‌లో స్థిరపడి, 1858 నుంచి 1860 దాకా బ్రిటిష్ అనిమోన్ల మీద తన మహాగ్రంథం ఆక్టినోలోజియా బ్రిటానికా పూర్తిచేశాడు. రంగుల బొమ్మలు ఆయనే గీశాడు. పరీక్షించడంలో ఎంతదాకా వెళ్ళాడంటే, అంతకుముందే ఒక జాతి అనిమోన్‌ను వండించి తిని చూశాడు కూడా.

ఇక చేదు సంగతి. ఆయన పుస్తకాలు చదివినవాళ్ళు బుట్టలూ ఉలులూ పట్టుకుని తీరాల మీద పడ్డారు. రాతి గుంటలు ఖాళీ అయ్యాయి. పాదం చిరిగిన అనిమోన్లు ఎవరెవరి ఇళ్ళలోనో కుళ్ళిపోయాయి. తండ్రి ఇది చూసి ఎంత బాధపడ్డాడో కొడుకు ఎడ్మండ్ 1907లో రాసిన ఫాదర్ అండ్ సన్‌లో చెప్పాడు. తాను చిన్నప్పుడు చూసిన ఆ గుంటల అందం ఇక ఎవరికీ కనబడదని వాపోయాడు. తప్పు గాస్‌దేనా అని మా హాస్టల్ గదిలో రెండు రాత్రులు వాదన జరిగింది. నా మటుకు నాకు, సగం ఆయనదే అనిపిస్తుంది. ఎలా పెంచాలో అంత వివరంగా చెప్పినవాడు, ఎన్ని తేవాలో, ఎన్ని వదిలెయ్యాలో కూడా అంతే గట్టిగా చెప్పాల్సింది. మా స్నేహితుడు ఒప్పుకోడు. ఆయన చెప్పకపోతే అవి ఉన్నాయనే ఎవరికీ తెలిసేది కాదంటాడు.

ఒకే ఒక్క అనిమోన్‌ను తెచ్చుకుని దాన్నే కాపాడినవారూ ఉన్నారు. స్కాట్లండ్‌లో సర్ జాన్ డాలియెల్ 1828లో తీరం నుంచి తెచ్చిన అనిమోన్, ఆయన 1851లో పోయాక కూడా చేతులు మారుతూ, వందల పిల్లల్ని కని, 1887 ఆగస్టు దాకా ఎడిన్‌బరోలో బతికింది. దానికి అందరూ అవ్వ అని పేరు పెట్టారు.

గాస్ 1860లో ఎలైజా బ్రైట్‌వెన్‌ను రెండో పెళ్ళి చేసుకున్నాడు. ముసలితనంలో ఆర్కిడ్లు పెంచాడు, హడ్సన్‌తో కలిసి 1886లో రోటిఫర్ల మీద పెద్ద గ్రంథం తెచ్చాడు, రాత్రిళ్ళు టెలిస్కోపులో నక్షత్రాలు చూశాడు. అవ్వ పోయిన ఏడాదికి, 1888 ఆగస్టు 23న, సెయింట్ మేరీచర్చ్‌లో తన ఇంట్లోనే కన్నుమూశాడు.