కార్మిక శాఖ సభ్యులుగా బాబాసాహెబ్

బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను మనము రాజ్యాంగ నిర్మాతగాను, 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలాది మందికి ధమ్మమార్గము చూపిన మహనీయునిగాను స్మరించుకుంటాము. అంతకు ముందు ఢిల్లీలో నాలుగేండ్లపాటు కార్మికుల కొరకు వారు చేసిన కృషి మాత్రము మన సభలలో అంతగా వినబడదు.

1891 ఏప్రిల్ 14న మౌ సైనిక స్థావరములో జన్మించిన బాబాసాహెబ్, బొంబాయి పరేలులోని కార్మికవాడలో ఒంటిగది ఇంట చదువుకొని పెరిగారు. ఆ నగరపు మిల్లులలో నేత విభాగమునకు అంటరానివారిని రానిచ్చేవారు కారు. కండె మార్చినప్పుడు దారమును నోటితో పీల్చవలసి ఉండేది. ఆ ఎంగిలియే అభ్యంతరము. ఎక్కువ కూలి దొరికే పని అందువలననే మనవారికి దూరమైనది. 1936లో వారు స్థాపించిన పార్టీకి స్వతంత్ర కార్మిక పక్షమని పేరు పెట్టుట యాదృచ్ఛికము కాదని మా అభిప్రాయము.

1942 జూలైలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులయ్యారు. 1935 చట్టము ప్రకారము గనులలో కార్మికుల భద్రత కేంద్రము బాధ్యత. ఫ్యాక్టరీలు ఉమ్మడి జాబితాలోనివి: చట్టము కేంద్రము చేసినను, తనిఖీ అధికారులను నియమించవలసినది ప్రావిన్సులే. ఒక ప్రావిన్సు గట్టిగా తనిఖీ చేసి పొరుగు ప్రావిన్సు కన్నుమూసుకొన్నచో చట్టమునకు విలువేమి? ఆ ఆగస్టులోనే ఢిల్లీలో ప్రభుత్వములను, యజమానులను, కార్మికులను ఒకచోట కూర్చిన సమావేశమునకు బాబాసాహెబ్ అధ్యక్షత వహించారు. దేశమంతటా కార్మిక చట్టములు ఒకే తీరున ఉండవలెనన్నది దాని ముఖ్యోద్దేశములలో ఒకటి.

కేంద్రము చేతిలోనే ఉన్న గనుల విషయములో వారికి ఎదురైన పరీక్షను దాచుట మాకు ఇష్టము లేదు. యుద్ధకాలములో బొగ్గు కొరత ఏర్పడగా, స్త్రీలు భూగర్భములో పనిచేయరాదన్న నిషేధమును 1943లో ప్రభుత్వము సడలించినది. శాసనసభలో ఆ నిర్ణయమును సమర్థించవలసిన భారము వారిపైననే పడినది. అదే ఏడు డిసెంబరులో ధన్‌బాద్ ప్రాంతపు గనులకు పోయి, లోనికి దిగి పరిస్థితులను స్వయముగా చూచారు. 1944 జనవరిలో బొగ్గుగని కార్మికుల సంక్షేమనిధి ఏర్పడినది. 1946 ఫిబ్రవరి 1 నుండి నిషేధము తిరిగి అమలయినది. ఫ్యాక్టరీలలో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించిన సవరణ కూడ వారి కృషియే.

1948 ఫ్యాక్టరీల చట్టములోను తనిఖీ రాష్ట్రముల చేతిలోనే ఉండిపోయినది. నేడు ఢిల్లీ నుండి యమున దాటి నోయిడాకు, లేక గురుగ్రామ్‌కు పోయినచో చట్టము మారదు గాని, తనిఖీ చేయు ప్రభుత్వము మారును. 2022 మే 13న పశ్చిమ ఢిల్లీ ముండ్కాలో ఒక భవనము కాలి 27 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. బాబాసాహెబ్ 1956 డిసెంబరు 6న మహాపరినిర్వాణము చెందిన అలీపూర్ రోడ్డులోని 26వ నంబరు స్థలము అదే నగరములో ఉన్నది. ఏటా అచటికి పోయి పువ్వులుంచు మనము, ఈసారి ముండ్కాకు కూడ పోయి వచ్చాము.