పసివారి సేవకు బాటవేసిన విశాఖ వనిత: డాక్టరు హిల్డా లాజరస్

పసిబిడ్డ తన బాధను చెప్పుకొనజాలదు. కడుపునొప్పికైనను, చెవిపోటుకైనను, ఊపిరాడని అవస్థకైనను ఏడ్పొక్కటే దాని భాష. ఆ ఏడ్పులోని భేదములను గ్రహించుట కేవలము గ్రంథపఠనమువలన అలవడునది కాదు. అనుభవముగల గురువు ప్రక్కన నిలిచి, రాత్రింబగళ్లు బిడ్డ మంచమును కనిపెట్టుకొనియుండిన వైద్యునికే అది పట్టుబడును. కావున పసివారి వైద్యులకు ఆసుపత్రియే పాఠశాల. అట్టి పాఠశాలలు మన దేశములో అరుదుగా నున్న దినములలో వాటికి నేలను సిద్ధపరచిన వారిలో ఒక తెలుగు క్రైస్తవ సోదరి కలదు. ఆమెయే డాక్టరు హిల్డా మేరీ లాజరస్.

ఆమె శిశువైద్యమున ప్రత్యేక పట్టా పొందినది కాదు. ప్రసూతి వైద్యమున నిపుణురాలు. అయినను బిడ్డ మొదటి శ్వాసను తీసికొను గది ప్రసూతి గదియే గదా. తల్లిని కాపాడనిచోట బిడ్డను కాపాడుట అరుదు. ఈ సత్యమును ఎరిగినవారు ఆమె జీవితము యొక్క అర్థమును సులభముగా గ్రహింపగలరు.

హిల్డా 1890 జనవరి 23న విశాఖపట్నములో జన్మించెను. తండ్రి దానియేలు లాజరస్ విద్యాబోధనకు తన జీవితమును అంకితము చేసిన భక్తిపరుడు. ఆడపిల్లలకు అక్షరములు నేర్పుటయే వింతగా తోచిన ఆ కాలములో ఆమె పెద్ద చదువులకు మద్రాసు చేరి, వైద్యవిద్యను అభ్యసించి, ప్రసూతిశాస్త్రములో బంగారు పతకమును గెలుచుకొనెను. పిమ్మట లండను, డబ్లిను నగరములకు వెళ్లి తన విద్యకు మెరుగు పెట్టుకొనెను.

ఆనాటి స్థితిని మనము ఒకసారి తలంచుకొనవలెను. మన దేశములో పుట్టిన ప్రతి 1,000 మంది శిశువులలో సుమారు 200 మంది మొదటి పుట్టినరోజును చూడకుండనే కన్నుమూయుచుండిరి. శుభ్రము లేని కత్తితో బొడ్డుకోసినందువలన ధనుర్వాతము సోకి, వారము పదిదినములలోనే మరణించిన బిడ్డలు లెక్కకు మిక్కిలిగా నుండిరి. ఘోషాలో నున్న స్త్రీలు పురుష వైద్యుని ఎదుటకు వచ్చెడివారు కారు. స్త్రీ వైద్యులు కావలెనన్నచో వారికి నేర్పు స్థలములు కావలెను. ఆ స్థలములో నేర్పు గురువులు కావలెను. 1885లో డఫరిను నిధియు, 1914లో దాని క్రింద స్త్రీల వైద్య సర్వీసును ఏర్పడినను, ఆ సర్వీసులో మొదట విదేశ వనితలే పనిచేయుచుండిరి. అందు నియమింపబడిన మొదటి భారతీయ స్త్రీ హిల్డాయే. ఆ సంవత్సరము 1917.

ఆమెకు మొదట లభించిన పని ఢిల్లీలోని లేడీ హార్డింజి వైద్యకళాశాల ఆసుపత్రిలో. అది స్త్రీలకొరకు మాత్రమే 1916లో తెరువబడిన కళాశాల. అక్కడ ఆమె కాన్పులు చేయుటతో తృప్తినొందక, నర్సులకును మంత్రసానులకును తర్ఫీదునిచ్చుటకు పూనుకొనెను. ఇది చిన్న సంగతి కాదు. చేతులు కడుగుకొనుట, కత్తెరను మరిగించుట, బిడ్డను వెచ్చగా చుట్టుట, వెంటనే తల్లిపాలు పట్టించుట అనునవి చూచుటకు స్వల్పకార్యములే. కాని వీటిని తప్పక జరిగించు చేతులు లేనియెడల ఎంత గొప్ప వైద్యుని విద్యయు నిష్ఫలమగును. శిశువుల విభాగములో పనిచేయు యువ వైద్యుడు మొదట నేర్చుకొనునది నర్సు చేతినుండియే యని పెద్ద వైద్యులెల్లరు ఒప్పుకొందురు.

పిమ్మట ఆమె దేశములోని అనేక స్థలములకు బదిలీ చేయబడెను. మాతృభాష తెలుగు గనుక క్రొత్తచోటికి వెళ్లినప్పుడు అచ్చటి భాషను నేర్చుకొనవలసి వచ్చెడిది. ఆమె దానిని భారముగా నెంచలేదు. బిడ్డ మాటలాడలేదు, దాని పక్షముగా మాటలాడునది తల్లి. తల్లి మాట తెలియని వైద్యుడు బిడ్డ వ్యాధిని ఎట్లు తెలిసికొనగలడు? ఎప్పటినుండి జ్వరము, ఎన్నిసార్లు విరేచనము, పాలు త్రాగుట ఎప్పుడు మానెను అను ప్రశ్నలే నేటికిని శిశువైద్యునికి మొదటి పాఠము.

1940 దశకమున ఆమె స్త్రీల వైద్య సర్వీసుకు ముఖ్యాధికారిణి పదవిని అలంకరించెను. తాను మొదట చిన్న ఉద్యోగిగా ప్రవేశించిన లేడీ హార్డింజి కళాశాలకే ప్రిన్సిపాలు ఆయెను. 1945లో మన దేశపు నర్సుల సేవను గూర్చి ఆంగ్లములో ఒక చిన్న పుస్తకమును వెలువరించెను.

ఇంతటి ఉన్నత పదవులను చూచినవారు ఇక విశ్రాంతి తీసికొనుట సహజము. కాని ఆమె ఎదుట మరియొక పిలుపు నిలిచెను. రాయవేలూరులో డాక్టరు ఐడా స్కడర్ 1918లో స్త్రీలకొరకు స్థాపించిన వైద్యపాఠశాల ఒక క్లిష్టదశలో నుండెను. లైసెన్సు చదువులు చాలవు, పట్టా చదువులే ఉండవలెనని ప్రభుత్వము నిర్ణయించినందున, పడకలను, ఉపాధ్యాయులను, పరిశోధనశాలలను పెంచనియెడల దాని తలుపులు మూయవలసిన స్థితి వచ్చెను. 1942లో ఎం.బి.బి.ఎస్. చదువు ప్రారంభమాయెను, 1947లో పురుషులును చేర్చుకొనబడిరి. దేశము స్వతంత్రమాయెను. విదేశ మిషనెరీలు నాటిన చెట్టును భారతీయులు పెంచగలరా అను ప్రశ్న ఆనాడు అందరి హృదయములలో నుండెను. అట్టి సమయమున ఆ సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరుగా హిల్డా లాజరస్ బాధ్యత వహించి, 1954 వరకు దానిని నడిపించెను. ఆమె కాలములోనే, 1949లో, నరముల శస్త్రచికిత్సకును, ఛాతీ శస్త్రచికిత్సకును అక్కడ ప్రత్యేక విభాగములు నెలకొనెను. ఒక్కొక్క శాఖకు ప్రత్యేకముగా గురువును, పడకలను, శిష్యులను ఏర్పరచు ఈ పద్ధతియే శిశువైద్యమును కూడ సామాన్య వైద్యమునుండి వేరుచేసి నిలువబెట్టినది.

1961లో భారత ప్రభుత్వము ఆమెను పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. 1978లో ఆమె తన పరుగును ముగించెను.

ఆమె సేవచేసిన లేడీ హార్డింజి కళాశాలకు అనుబంధముగా 1956లో కళావతి శరణ్ శిశు ఆసుపత్రి వెలసెను. మన హైదరాబాదులో 1953లో నిలోఫర్ ఆసుపత్రి తెరువబడెను. నేడు ఎం.బి.బి.ఎస్. ముగించిన యువతీయువకులు ఇట్టి ఆసుపత్రులలో 3 సంవత్సరములు నివసించి, నవజాత శిశువుల గదిలోను, అత్యవసర విభాగములోను, బయటి రోగుల వరుసలోను వంతులవారీగా పనిచేసి శిశువైద్యులగుచున్నారు. దూరమున రాయపూరు భన్‌పురిలో కాపురమున్న తెలుగు తల్లియు జ్వరముతో నున్న బిడ్డను ఎత్తుకొని ఆ పట్టణపు బోధనాసుపత్రికి పోయినచో, నడిరాత్రి మేల్కొనియున్న యువ వైద్యుడొకడు ఎదురగును. 2020 నాటికి మన దేశములో శిశుమరణములు 1,000కి 30 కంటె తగ్గెను. 2015లో నవజాత శిశువుల ధనుర్వాతము మన దేశమునుండి నిర్మూలమైనట్లు ప్రకటింపబడెను. ఇది ఒక్కరి పని కాదు. వేలకొలది చేతుల పని. ఆ చేతులకు నేర్పినవారిలో హిల్డా ఒకతె.

ప్రియ చదువరీ, ఐగుప్తులో షిఫ్రా, పూయా అను మంత్రసానులు రాజాజ్ఞకు వెరవక మగపిల్లలను బ్రదుకనిచ్చిరి. తాము కాపాడిన పిల్లలు పెరిగి ఏమగుదురో వారు ఎరుగరు. హిల్డాయు తాను తీర్చిన శిష్యుల చేతులమీదుగా ఎందరు బిడ్డలు బ్రదుకుదురో ఎరుగదు. మన కుమారునికో కుమార్తెకో వైద్యవిద్య లభించినప్పుడు, దానివలన వచ్చు ధనమును మాత్రమే లెక్కించుకొందుమా? లేక మాటలాడలేని బిడ్డ మంచముయొద్ద నిలుచు ఓర్పును కూడ వారికి నేర్పుదుమా? ఈ రాత్రి శిశువుల విభాగములలో నిద్రమాని పనిచేయు యువ వైద్యులను, నర్సులను మన కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకము చేసికొందుము గాక.