పేరు చివర నిలిచిన ప్రతిభ: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పరిశోధకుని ఔన్నత్యాన్ని నిర్ణయించడానికి విజ్ఞాన ప్రపంచంలో రెండు కొలమానాలు వాడుకలో ఉన్నాయి. ఆయన ప్రకటించిన పరిశోధన పత్రాలెన్ని అన్నది మొదటిది. ఇతర శాస్త్రజ్ఞులు వాటిని ఎన్నిసార్లు ఉదహరించారన్నది రెండవది. ఈ కొలమానాలకు సగం మాత్రమే అందిన మహనీయుడు మన తెలుగువాడైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. బాల్యం పేదరికంలో గడిచింది. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. సోదరులిద్దరు స్వల్ప వ్యవధిలో స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి బలికావడం ఆయన మనసును కలచివేసింది. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో బోధించి, తరువాత అమెరికా చేరారు. అక్కడ ఆసుపత్రిలో చిన్న కొలువు చేస్తూ హార్వర్డ్‌లో విద్య కొనసాగించారు.

1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించిన పత్రం 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో వెలువడింది. అది రక్తమూత్రాదులలోని భాస్వరాన్ని కొలిచే విధానం. ఆమ్లంలో ఫాస్ఫేటు మోలిబ్డేటుతో కలిసినపుడు ఏర్పడే పదార్థాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు పుడుతుంది. ఆ రంగు గాఢతను బట్టి భాస్వరం పరిమాణం తెలుస్తుంది. విధానం సులభం, ఫలితం నమ్మదగినది. ఆ పద్ధతితోనే వారిరువురు 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏటిపిని వెల్లడించారు. అదే ఏట జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ ఏటిపిని స్వతంత్రంగా కనుగొన్నారు.

కేంద్రకామ్లాలలో భాస్వరముంది; కణపొరలలోని కొవ్వులలో ఉంది; ఎంజైములు ఏటిపిని విడగొట్టినపుడు వెలువడేదీ ఫాస్ఫేటే. అందుచేత జీవరసాయన, అణుజీవశాస్త్ర శాఖలు విస్తరించిన కొలదీ ఆ 1925 నాటి పత్రాన్ని ఉదహరించేవారు వేలకు వేలయ్యారు. 1964లో ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్ఫీల్డ్ ఉదాహరణల సూచికను ప్రచురించనారంభించినపుడు, ఇది ఎక్కువగా ఉదహరింపబడే పత్రాలలో ఒకటిగా తేలింది. కాని ఆ సూచికలో ఉదహరింపబడిన పత్రాలు మొదటి రచయిత పేరు క్రిందనే నమోదయ్యేవి. సుబ్బారావు పేరు క్రింద వెదకినవారికి ఆ పత్రం కనిపించేది కాదు. ఫిస్కే పేరు క్రింద వెదకవలసి వచ్చేది!

1930లో పిహెచ్.డి. పొందినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరి పరిశోధనకు నాయకత్వం వహించారు. 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీని ప్రకటించిన పత్రంలో అక్షరక్రమాన అనేకుల నడుమ ఆయన పేరు ఒకటి. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి ఆ ఫోలిక్ ఆమ్లమే ఔషధమైంది. 1947లో బోదకాలు వ్యాధికి మందైన డైఇథైల్ కార్బమజైన్ పత్రంలో ఆయన పేరు చిట్టచివరిది. మన దేశంలో 1955లో ఆరంభమైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమానికి ఆ మందే ఆధారమయింది. ఆయన బృందం సిద్ధపరచిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పసిపిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగించారు. 1948 నాటి ఆ ప్రఖ్యాత పత్రపు రచయితలలో సుబ్బారావు లేరు. ఆయన పరిశోధన విభాగం నుండి వెలువడిన ఆరియోమైసిన్‌ను ప్రకటించిన పత్రానికి ఏకైక రచయిత బెంజమిన్ డగ్గర్.

ఆ 1948 ఆగస్టులోనే, యాభైమూడేండ్ల ప్రాయంలో, న్యూయార్క్‌లో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలాబిళ్ళ విడుదల చేసింది.

విద్యార్థి సోదరులారా! పరీక్షలో తప్పినవానిని తక్కువగా చూడడం, పట్టికలో ముందున్న పేరునే గౌరవించడం లోకరీతి. లెక్కలు అవసరమే, అయితే లెక్క వ్రాసే పద్ధతిలో లోపముంటే న్యాయం జరగదని ఈ జీవితం తెలుపుతున్నది. ప్రయోగశాలలో మీ పరీక్షనాళికలో నీలిరంగు తేలినపుడు, మొదటి పేరుతో ఆగక రెండవ పేరును కూడ చదవండి.