మడత పడవలో ఏడేండ్లు: ఆస్కార్ స్పెక్ జీవితము

నిజాము రాజ్యానికి సముద్రతీరం ఉండేది కాదు. కొత్తకోట ప్రాంతంలో పుట్టి పెరిగిన మనకు నీటిమీద ప్రయాణమంటే కృష్ణానదిమీది పుట్టి ప్రయాణమే. వెదురుబద్దల అల్లిక, దానికొక తొడుగు, చేత ఒక తెడ్డు: ఆ మూడింటితో మనవాళ్ళు తరతరాలుగా ఈ ఒడ్డునుండి ఆ ఒడ్డుకు చేరుతూ వచ్చారు. దాదాపు అదే సూత్రంమీద తయారైన ఒక చిన్న పడవలో, జర్మనీ దేశపు నదీతీరంనుండి ఆస్ట్రేలియా పొలిమేరవరకు ఒంటరిగా ప్రయాణించిన మనిషి ఒకడున్నాడు. అతని పేరు ఆస్కార్ స్పెక్.

స్పెక్ 1907 లో జన్మించాడు. విద్యుత్ పనుల గుత్తలు పట్టి జీవించేవాడు. 1930 తరువాత ప్రపంచాన్ని ముంచెత్తిన ఆర్థిక మాంద్యంలో జర్మనీలో లక్షలాది మంది పనులు కోల్పోగా, వారిలో అతడూ ఒకడయ్యాడు. సైప్రస్ ద్వీపంలోని రాగి గనులలో పని దొరకవచ్చునని విన్నాడు. రైలుకు, ఓడకు పెట్టడానికి డబ్బు లేదు. కాని ఒక మడత పడవ ఉన్నది. సుమారు పద్దెనిమిది అడుగుల పొడవు, విడదీసి మూటగట్టుకొనదగిన కొయ్య చట్రం, దానిపై రబ్బరు పూత పూసిన గుడ్డ, ఒక చిన్న తెరచాప, కాళ్ళతో త్రిప్పే చుక్కాని. 1932 మే 13 వ తేదీన ఉల్మ్ నగరంవద్ద డాన్యూబ్ నదిలో అతడా పడవను దింపాడు. అతనికి ఈత రాదన్న సంగతి ఇక్కడే చెప్పవలసి ఉన్నది.

ఆనాడతని మనసులో ఆస్ట్రేలియా లేదు. పని వెదుక్కుంటూ బయలుదేరిన నిరుద్యోగి మాత్రమే అతడు. డాన్యూబ్‌ను విడిచి వర్దార్ నదిలో దిగినప్పుడు పడవ దెబ్బతిన్నది. బాగుచేయించుకొని, గ్రీకు దీవుల మీదుగా, టర్కీ తీరం వెంబడి సైప్రస్ చేరాడు. చేరిన తరువాత గనులమీద ఆసక్తి పోయింది. సముద్రం రుచి తెలిసిన వానికి గనిలో దిగడం కష్టమే కాబోలు. అక్కడినుండి సిరియా తీరానికి వెళ్ళి, పడవను బస్సు మీద యూఫ్రటీస్ నదికి చేర్చి, ఆ నది వెంట పారశీక సింధుశాఖలోకి దిగాడు. ఆ తీరంలో అతని పడవ దొంగలపాలై, మళ్ళీ దొరికింది. మలేరియా జ్వరం పట్టుకొని చాలాకాలం విడువలేదు. జర్మనీనుండి కొత్త పడవ వచ్చేదాకా ఎదురుచూపులలో నెలలు గడిచాయి.

ఇట్టి ప్రయాణంలో నిజమైన ప్రమాదం నడిసముద్రంలో కంటె ఒడ్డు దగ్గర ఎక్కువ. లోతైన నీటిలో పెద్ద అల పడవను ఎత్తి దించుతుంది, అంతే. కాని తీరం సమీపించి నీరు పలుచబడినకొద్దీ అదే అల నిలువుగా లేచి విరిగి పడుతుంది. పడవ ఏమాత్రం అడ్డం తిరిగినా బోర్లపడవలసిందే. పోనీ, ఒడ్డుకు రాకుండ ఉందామన్నా, ఆ పడవలో కాళ్ళు చాపి కూర్చోవడమే తప్ప పడుకొనేందుకు చోటు లేదు. కనుక ప్రతి రేవూ అతనికి ఒక పరీక్షగానే ఉండేది.

కరాచీ, బొంబాయి, గోవాల మీదుగా పశ్చిమ తీరం దిగి, 1935 లో అతడు సింహళం చేరాడు. అక్కడినుండి మద్రాసు; 1936 జనవరిలో కలకత్తా. ఈ రెండు నగరాల నడుమ ఉన్నది మన తెలుగు తీరమే. పులికాట్ మొదలుకొని ఇచ్ఛాపురం వరకు అలలు నేరుగా ఇసుకమీద విరిగే తీరమది. ఆ కెరటాలను దాటడానికే మన జాలరులు దుంగలను కట్టిన తెప్పలను, మేకులు లేకుండ త్రాళ్ళతో కుట్టిన మసూలా పడవలను కనిపెట్టుకొన్నారు. మేకులు కొట్టిన గట్టి పడవ పగిలేచోట, కుట్టిన పడవ వంగి నిలుస్తుంది. స్పెక్ పడవ కూడ అలకు వంగే జాతిదే. ఆ కాలంలో తీరాంధ్రం మద్రాసు రాజధానిలోను, మనం నిజాము ఏలుబడిలోను ఉన్నాము. ఆ వార్త ఇటువైపు ఎందరికి చేరిందో!

దారిఖర్చులకు అతడు ఉపన్యాసాలిచ్చాడు, పత్రికలకు వ్యాసాలు వ్రాశాడు. బర్మా, మలయా దాటి డచ్చివారి ద్వీపాలు చేరాడు. 1937 లో లాకోర్ అనే చిన్న ద్వీపంలో, రాత్రివేళ, ఇరవైమంది దాకా అతని మీద పడి, కాళ్ళు చేతులు కట్టి, తలమీద కొట్టారు. కర్ణభేరి పగిలింది. ఎట్లో కట్లు వదల్చుకొని పడవ చేరుకొన్నాడు. ఈ కథ మనకు అతని నోటనే తెలిసింది. ఆ ద్వీపవాసులు ఏమనుకొని అట్లు చేశారో వారి మాట నమోదు కాలేదు. సురబాయలో చికిత్స సుదీర్ఘంగా సాగింది. ఆపైన తిమోరునుండి నేరుగా ఆస్ట్రేలియాకు దాటడానికి డచ్చి అధికారులు ఒప్పుకొనలేదు. గత్యంతరం లేక న్యూగినీ ఉత్తర తీరం చుట్టి రావలసి వచ్చింది.

1939 సెప్టెంబరులో, ఉల్మ్ విడిచిన ఏడేండ్ల నాలుగు నెలలకు, అతడు ఆస్ట్రేలియాకు చెందిన సాయిబాయి ద్వీపంలో కాలుపెట్టాడు. అతని లెక్క ప్రకారం వచ్చిన దూరం సుమారు 50,000 కిలోమీటర్లు. పడవ మీద స్వస్తిక పతాకం ఎగురుతున్నది. అతడు బయలుదేరేనాటికి హిట్లరు అధికారంలో లేడు. ఏడేండ్లలో స్వదేశం మారిపోయింది. ఆ జెండాను కట్టుకొనడం అతని జీవితంలో మెచ్చదగిన పని కాదు, దానిని దాచి వ్రాయడమూ తగదు. యుద్ధం అప్పటికే మొదలైంది. ఒడ్డున నిలిచిన పోలీసులు మొదట అతనిని అభినందించి, ఆ వెంటనే శత్రుదేశీయుడుగా నిర్బంధించారు.

విక్టోరియాలోని టటూరా శిబిరంలో ఉంచగా ఒకసారి తప్పించుకొని పట్టుబడ్డాడు. తరువాత దక్షిణ ఆస్ట్రేలియాలోని లవ్‌డే శిబిరానికి మార్చారు. ప్రయాణం ఎంతకాలం సాగిందో దాదాపు అంతకాలం నిర్బంధం కూడ సాగింది. 1946 లో విడుదలయ్యాడు. గని పనికోసం ఇల్లు విడిచినవాడు చివరకు గనుల దగ్గరికే చేరడం విచిత్రం: లైట్నింగ్ రిడ్జ్ అనేచోట ఓపల్ రత్నాలు త్రవ్వి, సానబట్టి, వాటి వ్యాపారంలో స్థిరపడ్డాడు. సిడ్నీకి ఉత్తరాన సముద్రానికి ఎదురుగా, కిల్‌కేర్ అనే చోట ఇల్లు కట్టుకొన్నాడు. 1993 లో మరణించాడు. దారిపొడుగునా అతడు తీసిన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు, పత్రాలు సిడ్నీలోని ఆస్ట్రేలియా జాతీయ నౌకాయాన ప్రదర్శనశాలలో భద్రపరచబడి ఉన్నాయి.