కాంతిని పట్టిన కళాకారుడు – రాజా దీన్‌దయాళ్

సోలాపూరులోని కొంతం చౌక్ పరిసరాలలో తెలుగు నేతకుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. అటువంటి పాత ఇళ్ళలో గోడకు తగిలించిన పెద్దల ఛాయాచిత్రాలను మీరు చూసే ఉంటారు. తలపాగా, కోటు, ఒడిలో చేతులు, కదలని చూపు. ఆ ముఖాలలో నవ్వు కనిపించడం అరుదు. పూర్వం ఛాయాచిత్రం తీసేటప్పుడు మనిషి చాలాసేపు బొమ్మలా కదలకుండా కూర్చోవలసివచ్చేది. అంతసేపు నవ్వును ముఖం మీద నిలుపుకోవడం ఎవరికైనా కష్టమే. ఆ కష్టమైన కళలో మన దేశానికి పేరు తెచ్చినవారు రాజా దీన్‌దయాళ్.

దీన్‌దయాళ్ 1844వ సంవత్సరంలో మీరట్ సమీపాన ఉన్న సర్ధనాలో జన్మించారు. వారిది నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. ఆయన మాత్రం కులవృత్తి చేపట్టక, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదువుకున్నారు. 1866లో ఇందూరులోని పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగంలో చేరారు. కట్టడాలకు పటాలు గీయడం, ఖర్చుల అంచనాలు వేయడం ఆయన పని. కొలత తప్పితే గోడ వంకరపోతుంది. అందువల్ల దేన్నైనా నిదానంగా, నిశితంగా చూడడం ఆయనకు అలవాటైంది.

1874 ప్రాంతంలో ఆయనకు ఛాయాచిత్రకళ మీద ఆసక్తి కలిగింది. నాటి కెమెరా నేటి కెమెరా వంటిది కాదు. అది మూడు కాళ్ళ మీద నిలబెట్టిన పెద్ద చెక్కపెట్టె. ముందువైపు కటకం, వెనుకవైపు గరుకు అద్దం ఉండేవి. ఛాయాచిత్రకారుడు నల్లగుడ్డ కప్పుకొని ఆ అద్దంలోకి చూసేవాడు. అందులో ఎదుటి దృశ్యం తలకిందులుగా కనిపించేది. దృశ్యం స్పష్టంగా కుదిరిన తరువాత అద్దం స్థానంలో మందుపూసిన గాజుపలకను అమర్చి, కటకం మీది మూత తీసేవాడు. మనసులో అంకెలు లెక్కపెట్టుకొని మళ్ళీ మూత పెట్టేవాడు. వెలుతురు బాగా ఉంటే కొద్ది క్షణాలు చాలు. చీకటి మందిరాలలో నిమిషాలు పట్టేది. లెక్క తక్కువైతే చిత్రం మసకబారేది. ఎక్కువైతే వివరాలు చెరిగిపోయేవి. ఎదుటివారు కదిలితే ముఖం చెదిరిపోయేది.

మొదట్లో గాజుపలక వ్యవహారం మరింత చిక్కుగా ఉండేది. పలక మీద మందు పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే చీకటిలో కడగాలి. అందుచేత ఊరికి దూరంగా ఉన్న కోటను చిత్రించాలంటే కెమెరాతోపాటు గాజుపలకలు, మందుసీసాలు, నీళ్ళు, చీకటి గుడారం కూడా మోసుకుపోవలసివచ్చేది. తరువాత పొడిపలకలు వచ్చి ఈ శ్రమను కొంత తగ్గించాయి.

దీన్‌దయాళ్ ప్రతిభను ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, ఆంగ్లేయ అధికారి సర్ హెన్రీ డాలీ గుర్తించి ప్రోత్సహించారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి ఆయన బుందేల్‌ఖండ్ ప్రాంతంలో పర్యటించారు. గ్వాలియర్, ఓర్ఛా, దతియా మొదలైన చోట్ల కోటలను, మందిరాలను చిత్రించారు. మధ్యభారతంలోని ప్రసిద్ధ కట్టడాల చిత్రాలు 80కి పైగా 1886లో గ్రంథంగా వెలువడ్డాయి. రాళ్ళు కదలవు కనుక వాటిని తీయడం సులభమని అనుకోరాదు. నీడ ఏ వేళకు ఏ స్తంభం మీద పడుతుందో తెలిసి, అంతవరకు వేచి ఉండాలి.

అప్పుడు ఆయన ముందు ఒక పెద్ద ప్రశ్న నిలిచింది. ఒకవైపు నెలనెలా జీతం వచ్చే ప్రభుత్వోద్యోగం. మరొకవైపు నిలకడలేని ఆదాయంతో కూడిన కళ. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు దాటాయి. కుటుంబ భారం ఉంది. అయినా దీర్ఘకాలపు సెలవు తీసుకొని, ఆ తరువాత ఉద్యోగాన్నే విడిచిపెట్టారు. సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పారు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను తన ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించారు. రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదును ప్రసాదించారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు అని అర్థం. దర్బారులు, వేటలు, సైనిక విన్యాసాలు, ఫలక్‌నుమా వంటి రాజభవనాలు ఆయన గాజుపలకల మీద నిలిచిపోయాయి. పరదా పాటించే స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చోరు కనుక, 1892లో హైదరాబాదులో వారికోసం వేరుగా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు కట్టించి, లోపల పనులన్నీ స్త్రీలకే అప్పగించారు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో ప్రారంభించారు. ఈ రెండు నగరాలను కలిపే రైలుమార్గం వాడి, సోలాపూరు, పుణెల మీదుగానే సాగుతుంది.

ఆయన కెమెరా వైభవాన్ని మాత్రమే చూడలేదు. 1899-1900లో దక్కన్‌ను పెనుకరువు పీడించింది. హైదరాబాదు సంస్థానంలో సాగిన కరువు సహాయ కార్యక్రమాలను ఆయన సంస్థ చిత్రించింది. వజ్రాల హారాలు ధరించిన ప్రభువులను చూపిన సంస్థే ఎముకలగూళ్ళైన పేదలనూ లోకానికి చూపింది.

చివరి రోజులలో ఆయనకు పుత్రశోకం కలిగింది. పెద్దకుమారుడు ధరమ్‌చంద్ 1904లో మరణించారు. మరుసటి ఏడాది, 1905 జూలైలో, దీన్‌దయాళ్ బొంబాయిలో కన్నుమూశారు. మరొక కుమారుడు జ్ఞాన్‌చంద్ స్టూడియో పనిని కొనసాగించారు.

గాజుపలక చేయిజారితే ముక్కలవుతుంది. అయినా ఆయన సంస్థ పలకలు 2,857 నేటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. 2006లో భారత తపాలా శాఖ ఆయన పేరిట తపాలాబిళ్ళ విడుదల చేసింది. నాటి రాజ్యాలు పోయాయి, దర్బారులు పోయాయి. ఓపికతో లెక్కపెట్టిన ఆ కొద్ది క్షణాల కాంతి మాత్రం చెక్కుచెదరక నిలిచింది. ఒక్కొక్క పోగునూ చూసి నేసిన బట్ట వలెనే, శ్రద్ధతో చేసిన పని చేసిన మనిషి తరువాత కూడా బతికి ఉంటుంది.