నేల నాడి తెలిసిన టెర్జాఘీ
గనిపై హెడ్‌గేరు, బొగ్గు బంకరు కట్టేముందు నేలలో బోరు వేసి మట్టిని పరీక్షిస్తారు. ఆ పరీక్షలను ఒక శాస్త్రంగా మలిచినవారు కార్ల్ టెర్జాఘీ. 1883లో ప్రేగ్ నగరంలో జన్మించారు. ఇస్తాంబుల్‌లో రాబర్ట్ కాలేజీలో పాఠాలు చెబుతూ, సిగార్ పెట్టెల వంటి పారవేసిన సామానుతోనే పరికరాలు తయారు చేసుకొన్నారు. బరువు పడగానే బంకమట్టి పూర్తిగా అణగదు. రేణువుల మధ్యనున్న నీరు మెల్లగా బయటికి పోయేకొద్దీ ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది. కట్టిననాడు నిటారుగా ఉన్న గోడ తరువాత బీటలు వారడానికి ఇదొక కారణం. ఈ సంగతిని లెక్కలతో సహా 1925లో గ్రంథంగా వెలువరించారు. (మా రోజుల్లో ఖర్చు తగ్గించమంటే అంచనాలలో మొదట కొట్టేసేది మట్టి పరీక్ష పద్దునే!) 1938లో అమెరికా చేరి హార్వర్డులో బోధించారు. సొరంగాల ఊతాలపై పడే రాతి బరువును అంచనా కట్టే పద్ధతిని 1946లో అందించారు. 1963లో కన్నుమూశారు. కెనడాలో మెత్తని బంకమట్టిపై ఆయన నిలబెట్టిన మిషన్ డ్యాముకు 1965లో ఆయన పేరే పెట్టారు.