రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు: నిర్మాణమును, వినాశమును

గుంటూరు నుండి విజయవాడకు పోవు బాటసారికి చేలమీదుగా దవ్వునుండియే కానవచ్చునది మంగళగిరి గాలిగోపురము. పదునొకండు అంతస్తులతో, 153 అడుగుల యెత్తున నిలిచిన యీ కట్టడమును 1807 మొదలు 1809 వరకు కట్టించినవారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు. ఆయన దాతృత్వమును గూర్చిన కథలు మన మండలమున నేటికిని ముసలివారి నోట వినబడుచున్నవి. కాని యాయన జీవితమునకు రెండు పుటలు కలవు. ఒకదానిని పదేపదే చదువుచు, రెండవదానిని తిరుగవేయకుండుట న్యాయము కాదని మా తలంపు.

నాయుడుగారు 1761వ సంవత్సరమున జన్మించిరి. తండ్రి జగ్గన్నగారు, తల్లి అచ్చమ్మగారు. పసితనముననే తండ్రిని గోల్పోయి, 1783లో, అనగా ఇరువదిరెండవ యేట, సంస్థానాధికారమును స్వీకరించిరి. కృష్ణాతీరమందలి చింతపల్లి నాటి రాజధాని. ఐదువందలకు మించిన గ్రామములు వారి యేలుబడిలో నుండెను. ఐదేండ్లు గడచునప్పటికి, 1788లో, గుంటూరు సర్కారు నైజామువారి చేతినుండి కుంఫిణీవారి చేతికి వచ్చెను. 1802లో శాశ్వత పరిష్కారము జరిగి, పేష్కసు నిర్ణయమైనది. సొంత సైన్యమును నిలుపుకొని నగారాలు మ్రోగించిన దొరలు గడువునకు శిస్తు చెల్లించు జమీందారులైరి.

ఈ మార్పును గుర్తింపనిదే నాయుడుగారి కట్టడముల మర్మము బోధపడదు. రోమక చక్రవర్తులు విజయము వెంట విజయమును సాధించుచు, ఆ విజయములను శిలలపై చెక్కించిరి. ట్రాజను చక్రవర్తి డేసియా దేశమును జయించిన కథ క్రీ.శ. 113లో నిలిపిన జయస్తంభము చుట్టును తీగవలె ప్రాకినది. యెరూషలేము దేవాలయమునుండి కొల్లగొని తెచ్చిన దీపస్తంభము టైటసు తోరణముపై నేటికిని కనబడును. అచ్చట శిల్పము అధికారమునకు నీడవలె వెన్నంటి నడచినది. మన నాయుడుగారి యెడల నిది తలక్రిందైనది. అధికారము కుంగినకొలది గోపురములు పెరిగినవి. ఖడ్గము చేజారిన రాజునకు గోపురమే రాజచిహ్నమయ్యెను. శత్రువును గెలిచి చూపుటకు వీలులేని దొర, సువర్ణముతో తులాభారము తూగియు, సంతర్పణలు చేసియు, తాను రాజునేయని లోకమునకు చాటెను.

పదునెనిమిదవ శతాబ్ది చివరి యేండ్లలో ఆయన చింతపల్లిని విడిచి, అమరేశ్వరుని సన్నిధిని అమరావతీ పట్టణమును నిర్మించిరి. కుంఫిణీ సిపాయిలను చింతపల్లిలో నిలుపుట సహింపలేకయే వచ్చిరని కొందరందురు. దోపిళ్లు చేయుచుండిరను నెపమున చెంచులను పలువురను వధింపించి, ఆ పాపపరిహారార్థము అమరేశ్వరుని శరణుజొచ్చిరని జనశ్రుతి. రెండును నిజమే కావచ్చును. అవమానమును పశ్చాత్తాపమును ఒకే హృదయమున నుండరాదా? వీథులు తీర్చి, వర్తకులను రావించి, ఆలయమును ఉద్ధరించిరి. చేబ్రోలున నాలుగు ముఖముల బ్రహ్మకు గుడి కట్టించిరి. దేవీభాగవతమును తెనిగించిన ములుగు పాపయారాధ్యకవి వారి యాస్థానమును అలంకరించెను.

ఇక రెండవ పుట. క్రొత్త పట్టణమునకు రాయి కావలసెను. ఊరి దాపున దీపాలదిన్నె యను మట్టిదిబ్బ యుండెను. పనివారు త్రవ్వగా తెల్లని పలకలు, వానిపై అపూర్వమైన బొమ్మలు బయల్పడినవి. ఆ వార్త విని 1797లో కర్నలు మెకంజీ వచ్చి చూచెను. ఆ దిబ్బయే ధాన్యకటక మహాస్తూపము. సుమారు 160 అడుగుల వ్యాసము గల యా కట్టడమునకు పల్నాటి సున్నపురాతి పలకలు తొడుగు. అందలి యొక శాసనమున శాతవాహన ప్రభువైన పులుమావి పేరు కలదు. ఆయన కాలమున రోమున అంటొనైను వంశపు చక్రవర్తులు ఏలుచుండిరి. ఆ రెండు దేశములకును ఓడవర్తకము సాగెననుటకు మన వినుకొండలో దొరికిన రోమక సువర్ణ నాణెములే సాక్ష్యము.

కాని యొక భేదము గమనింపదగినది. రోమక తోరణముపై నున్నది చక్రవర్తి నామము. అమరావతి పలకలపై నున్నవి గృహస్థుల, వర్తకుల, భిక్షుణుల నామములు. చర్మకారుడైన విధికుడు కుటుంబముతో గూడి పూర్ణఘటపు పలకను సమర్పించినట్లు లిఖింపబడియున్నది. మట్టిలో దాగిన యీ ప్రజాదానము, ఒక దొర దానశీలమునకు ముడిసరకయ్యెను. పలకలు కొన్ని శివగంగ చెరువు మెట్లకు, కొన్ని గోడలకు పోయినవి. కొన్నిటిని కాల్చి సున్నము చేసిరి.

నాయుడుగారిని నిందించుటకు ముందు రెండు సంగతులు తలపవలెను. ఆ పలకలపైనున్న బ్రాహ్మీ లిపిని చదువగలవారు ఆనాడు భూమిపై నెవరును లేరు. ప్రిన్సెపు దొర దానిని ఛేదించినది 1837లో, నాయుడుగారు గతించిన యిరువదియొక్క యేండ్లకు. రెండవది, నాగరకులమనుకొన్న వారును ఇట్లే చేసిరి. కాన్‌స్టంటైను చక్రవర్తి 315లో తన తోరణమునకు ట్రాజను, హేడ్రియను ప్రభృతుల కట్టడముల శిల్పములను ఊడబెరికి తెచ్చుకొనెను. కొలోసియము రాళ్లతో రోము నగరపు ప్రభువులు మేడలు కట్టుకొనిరి. అయినను తెలియమి దోషమును తగ్గించునే కాని, నష్టమును పూరింపదు.

1816లో నాయుడుగారు స్వర్గస్థులైరి. దత్తపుత్రులైన జగన్నాథబాబు, రామనాథబాబుగార్ల నడుమ వారసత్వపు వ్యాజ్యము రేగి ప్రీవీకౌన్సిలు దాక పోయినది. వకీళ్లకును ఉద్యోగులకును ధనము ధారపోయబడెను. 1832–33 సంవత్సరముల మహాక్షామము గుంటూరు సీమను వల్లకాడు చేసినది. తుదకు 1846 ప్రాంతమున, శిస్తుబాకి క్రింద, సంస్థానము సర్కారు వశమయ్యెను. విధివిలాసమేమన, గుంటూరు జిల్లా దుస్థితిని విచారింప వచ్చిన వాల్టరు ఎలియటు దొరయే 1845లో ఆ దిబ్బను మరల త్రవ్వించెను. ఆ శిల్పములు చెన్నపట్టణమున చిరకాలము ఎండకును వానకును గురియై, పిదప 1859లో పెక్కులు లండనుకు తరలినవి. నేడును మన పూర్వుల దానమును చూడగోరువాడు బ్రిటిషు మ్యూజియమునకును, చెన్నపట్టణపు మ్యూజియమునకును పోవలసియున్నది.

నాయుడుగారి సంస్థానము లేదు, శిస్తు లేదు, సిపాయి లేడు. మంగళగిరి గోపురము నిలిచియున్నది. ఆయనకు తెలియకయే ఆయన చేసిన మేలును, కీడును ఆ దిబ్బచెంత చూడవచ్చును. 2015లో అమరావతి పేరిట నూతన రాజధానికి శంకుస్థాపన జరిగిన పిమ్మట, ఈ చరిత్రకు మరింత ప్రసక్తి కలిగినది. ప్రతి క్రొత్త రాజధానియు రాయిని కోరును. ఆ రాయి ఎవరిదని అడుగుట మన విధి.

మన రైతులకు మాదొక మనవి. భట్టిప్రోలు స్తూపపు ఇటుకలు పందొమ్మిదవ శతాబ్దిలో బాటలకు పోయిన సంగతి మరువరానిది. నాగటిచాలున చెక్కుడురాయి తగిలినను, బావిగట్టున అక్షరముల పలక కనబడినను, దానిని గుమ్మమునకో గట్టునకో వాడక, పురావస్తుశాఖవారికి తెలుపుడు. వేంకటాద్రినాయుడుగారికి ఆ లిపి తెలియదు. మనకు తెలియును, కావున ఆయనకు చెల్లిన క్షమాపణ మనకు చెల్లదు.